ఆరు లక్షల సీటు, పన్నెండు వేల జీతం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, తిరుపతిలో 60 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో పద్నాలుగు నెలలుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 12 వేలు. కవర్లో పెట్టి ఇస్తారు. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. మధ్యలో మానేస్తే 50 వేలు కట్టాలంటున్నారు. నైట్ డ్యూటీలో నా ఒక్కదానికి ఇరవై మందికి పైగా పేషెంట్లు. నా చదువుకు నాయన రెండున్నర లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. నెలకు ఐదు వేలు వడ్డీకే పోతోంది, అసలు అట్లే ఉంది. ఇప్పుడు చెల్లెలు ఇంటర్ బైపీసీ పాసైంది, తనూ నర్సింగే చదువుతానంటోంది. ఒక ఏజెంటు బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని, నాలుగేళ్లకు ఆరు లక్షల ప్యాకేజీ అని, రోజూ కాలేజీకి పోకపోయినా అటెండెన్స్ వాళ్లే చూసుకుంటారని చెప్పినాడు. నాయన పది వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. మా మేనమామేమో మూడు లక్షలు కడితే నాకు కువైట్ వీసా వస్తుంది, రెండేళ్లలో అప్పులన్నీ తీరతాయి అంటున్నాడు. చెల్లెల్ని ఈ పనిలోకి రమ్మనాలా, వద్దనాలా? నేనేం చేయాలి?

జవాబు:

అమ్మా, ముందు ఒక చిన్న లెక్క. ఆరు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు పన్నెండు వేలు. నీ నెల జీతం కూడా పన్నెండు వేలే. మీ నాయన చెల్లెలి కోసం తేబోయే అప్పుకు వడ్డీ కట్టాలంటే ఒక నర్సు నెలంతా పగలూ రాత్రీ డ్యూటీ చేసి, హాస్టలుకు కట్టకుండా, టీ కూడా తాగకుండా ఉండాలి. అసలు జోలికి మనం ఇంకా పోనేలేదు.

ఆరు లక్షలూ ఒకేసారి కట్టరు కదా, ఏడాదికి లక్షన్నర చొప్పున కదా అంటావేమో. సరే, అట్లే వేద్దాం. మొదటి లక్షన్నరకు నాలుగేళ్ల వడ్డీ 1,44,000. రెండోదానికి మూడేళ్లకు 1,08,000. మూడోదానికి 72 వేలు, నాలుగోదానికి 36 వేలు. మొత్తం 3,60,000. చక్రవడ్డీ వేయకుండానే, చెల్లెలు చివరి పరీక్ష రాసి బయటికొచ్చే రోజుకు ఆరు లక్షల సీటు తొమ్మిది లక్షల అరవై వేలవుతుంది. ఏజెంటు చెప్పిన ప్యాకేజీలో యూనిఫాం, రికార్డులు, పరీక్ష ఫీజు, ఆస్పత్రిలో ట్రైనింగ్ డ్యూటీకి పోయే బస్సు, కొత్త పిల్లల చేత దీపం పట్టించి ప్రమాణం చేయించే ల్యాంప్ లైటింగ్ పేరుతో వసూలు చేసేది ఉన్నాయో లేదో ఎవరైనా అడిగారా? నాకు తెలిసిన పిల్లలు చాలామంది ఆ దీపం వెలిగించే రోజుకు ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడిగినవాళ్లే.

మన ఇళ్లలో ఫీజు గురించి ఒక రోజు మాట్లాడుకుంటాం, జీతం గురించి నాలుగేళ్ల తర్వాత ఇంకో రోజు. రెండూ ఒకే కాగితం మీద రాయం. ఫీజు చెప్పేవాడు అప్పటికి మన కంటికి కూడా కనపడడు.

నేను చదివిన రోజుల్లో ఈ బాధ లేదు. ప్రభుత్వ స్కూల్లో జీఎన్ఎం చదివినందుకు ఫీజు కట్టకపోగా స్టైపెండు ఇచ్చేవాళ్లు. అది గొప్ప మొత్తమేమీ కాదు, సబ్బులకూ ఊరికి పోయే బస్సు చార్జీకీ సరిపోయేది. వార్డులో మేము చేసే పనికి అది కూలి అని మా సిస్టర్ ట్యూటర్ చెప్పేది. ఇప్పుడు చాలాచోట్ల తిరగబడింది. పిల్ల ఫీజు కడుతుంది, ట్రైనింగ్ పేరుతో వార్డులో ఉచితంగా పని చేస్తుంది, పాసయ్యాక అదే యాజమాన్యం దగ్గర బాండు రాసి చౌకగా చేస్తుంది. స్టూడెంట్లు ఉచితంగా దొరికే వార్డుకు స్టాఫ్ నర్సును ఎక్కువ జీతానికి పెట్టుకోవాల్సిన అవసరం యజమానికి ఏముంటుంది? నీ పన్నెండు వేలు అంత తక్కువగా ఉండడానికి సగం కారణం ఇదే.

నీ జీతం న్యాయమైనదా అని నువ్వు నేరుగా అడగలేదు. కానీ తెలుసుకో. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాల మీద టీఎన్ఏఐ, అంటే ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 జనవరిలో కోర్టు ఒక నిపుణుల కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ పడకల లెక్కన జీతాలు సూచించింది. 200 పడకలు దాటితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 వరకు ఉంటే పది శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చిన్న నర్సింగ్ హోమ్ అయినా 20 వేలకు తగ్గకూడదు. మీది 60 పడకలు. ప్రభుత్వ నర్సు జీతంలో కనీసం ముప్పావు వంతు నీకు రావాలి. నీకు వచ్చేది 2016లో అన్నిటికన్నా చిన్న ఆస్పత్రికి చెప్పిన అడుగు రేటులో కూడా అరవై శాతమే.

అయితే సిఫార్సు వేరు, చట్టం వేరు. రాష్ట్రాలు తమ చట్టాలు తాము చేసుకోవాలని కేంద్రం రాసి ఊరుకుంది. కేరళ నర్సులు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి సమ్మెలు చేసి, సంఘం కట్టి, 2018లో కనీస వేతనం 20 వేలు అని ప్రభుత్వంతో నోటిఫికేషన్ తెప్పించుకున్నారు. మన పక్క మే 12న నర్సుల దినోత్సవం అని కేకు కోసి, నర్సులందరినీ నిలబెట్టి ఫొటో తీసి, మర్నాడు పేపర్లో వేయించడం దాకా వచ్చాం. ఆ కేకు డబ్బు కూడా స్టాఫ్ దగ్గరే చందా వేసిన చోటు నాకు తెలుసు.

అందుకని కమిటీ కాగితం పట్టుకుని రేపు మేనేజర్ గదిలోకి పొమ్మని నేను చెప్పను. ఇంకో దారి ఉంది. నీ దగ్గర ఇప్పుడున్న ఆస్తి జీతం కాదు, అనుభవం. దేశంలోని ఎయిమ్స్‌లన్నిటికీ నర్సింగ్ ఆఫీసర్లను తీసుకునే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకు మాత్రం కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. నీకు పద్నాలుగు నెలలు అయ్యాయి, ఆస్పత్రికి 60 పడకలు. ఇంకా పది నెలలు. విచిత్రం చూడు, నీ బాండు తీరడానికీ అదే పది నెలలు. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ మొదటి బేసిక్ 44,900, దాని మీద డీఏ, మిగతా అలవెన్సులు. మనకు దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. జనరల్ వాళ్లకు వయసు 30 దాటకూడదు, ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. పోటీ గట్టిదే, ఒక్కసారికే వస్తుందని నేను మాటివ్వను. కానీ ఆ పరీక్ష హాల్లోకి అడుగు పెట్టే అర్హతను ఈ పది నెలలే నీకు ఇస్తాయి. ఇప్పుడు విసుగొచ్చి మానేసి 40 పడకల ఇంకో నర్సింగ్ హోమ్‌లో రెండు వేలు ఎక్కువకు చేరావనుకో, ఆ రోజు నుంచి లెక్క ఆగిపోతుంది.

ఇక్కడే నువ్వు రాసిన ఒక మాట నన్ను భయపెట్టింది. కవర్లో పెట్టి ఇస్తారు అన్నావు. కవర్లో వచ్చే జీతానికి సాక్ష్యం లేదు. రేపు నువ్వు రెండేళ్లు చేశానంటే, ఆరు నెలలే చేసింది అని వాళ్లు రాసిస్తే నీ దగ్గర చూపించడానికి ఏముంది? ఈ నెలే అకౌంట్స్ వాళ్లను అడుగు, జీతం బ్యాంకు ఖాతాలో వేయమని. గొడవ పడనక్కర్లేదు. చెల్లెలి చదువుకు లోన్ కావాలి, బ్యాంకు వాళ్లు నా శాలరీ స్టేట్‌మెంట్ అడుగుతున్నారు అని చెప్పు. అబద్ధం కూడా కాదు. వేయకపోతే ప్రతి నెలా డ్యూటీ చార్టు ఫొటో తీసి పెట్టుకో. పేషెంట్ల పేర్లు, వివరాలు అందులో పడకుండా చూసుకో, అది మన ధర్మం.

పీఎఫ్, ఈఎస్ఐ సంగతి కూడా అడుగు. ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్, పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి. 60 పడకల ఆస్పత్రిలో ఆయాలు, వార్డ్ బాయ్‌లు, ల్యాబ్ వాళ్లు కలిపి ఇరవై మంది లేరని ఎవరూ అనలేరు. 21 వేల లోపు జీతం కాబట్టి నువ్వు ఈఎస్ఐ కిందికి వస్తావు. నీ పన్నెండు వేల మీద నీ వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. ఆస్పత్రి వాటా 3.25 శాతం, 390 రూపాయలు. ఆ 90 రూపాయలతో నీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా వైద్యం దొరుకుతుంది, తిరుపతిలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. మీ నాయన మోకాళ్ల నొప్పికి ప్రైవేటులో ఒకసారి ఎక్స్‌రే తీయించినా అంతకన్నా ఎక్కువవుతుంది. పైగా పీఎఫ్ ఖాతా ఉంటే నువ్వు ఏ తేదీన చేరావో ప్రభుత్వ రికార్డులో పడుతుంది. నీకు రేపు కావలసిన సాక్ష్యం అదే. నియామక పత్రం ఇచ్చారా అన్నది నువ్వు రాయలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అది ఇవ్వడం యజమాని బాధ్యత.

సర్టిఫికెట్ల విషయంలో నా కథ ఒకటి చెప్పాలి. ప్రభుత్వ పోస్టింగ్ కోసం ఎదురుచూస్తూ నేను చిత్తూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో చేశాను. పేరు వద్దులే. డాక్టరు గారి భార్య నా డిప్లొమా, పదో తరగతి సర్టిఫికెట్ బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఇంటర్వ్యూకు పిలుపొచ్చిన రోజు ఆమె మదనపల్లెలో పెళ్లికి పోయింది. తాళం ఆమె కొంగున ఉంది. మా అమ్మ కమ్మలు కుదువ పెట్టి బాండు డబ్బు కట్టి, మా అన్నను మదనపల్లెకు పంపి, తాళంచెవి తెప్పించి, ఇంటర్వ్యూకు రెండో రోజు పోయాను. లోపల ఉన్న పెద్దాయన మంచివాడు కాబట్టి కూర్చోమన్నాడు. ఇప్పటికీ ఎక్కడైనా ఇనుప బీరువా తాళం తిప్పిన శబ్దం వింటే నా కడుపులో తిప్పుతుంది.

అందుకని నువ్వు ఇప్పుడే రెండు కాగితాలు సంపాదించు. ఒకటి, నువ్వు సంతకం చేసిన బాండు నకలు. రెండు, ఫలానా ఒరిజినల్స్ మా దగ్గర ఉన్నాయి అని ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రసీదు. ఇవ్వకపోతే మర్యాదగా ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపు, ఆ పోస్టు రసీదే నీ సాక్ష్యం అవుతుంది. బాండులో 50 వేలు అని రాసుకున్నంత మాత్రాన ఆ 50 వేలూ వాళ్ల హక్కయిపోదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైన పరిహారమే అడగగలరు, రాసుకున్న అంకె దానికి పై హద్దు మాత్రమే. విషయం ముదిరితే కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు పో. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ సంగతి తెలియక మన పిల్లలు చేతి గొలుసులు అమ్ముకుంటున్నారు. నీ విషయంలో అంతదాకా రాకపోవచ్చు. పది నెలలు ఎలాగూ ఉంటావు కాబట్టి గొడవ లేకుండా కాగితాలు చేతికి తెచ్చుకునే మార్గమే వెతుకు. దిగేటప్పుడు అనుభవ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, ఆస్పత్రి పడకల సంఖ్య, నాలుగూ ఉండేలా చూసుకో. పడకల సంఖ్య రాయించుకోవడం మరిచిపోయి మళ్లీ మళ్లీ తిరిగినవాళ్లను చూశాను.

ఇరవై మంది పేషెంట్ల మాట. జనరల్ ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నీ ఒక్కదాని మీద ఇరవై మందికి పైగా ఉన్నారు. దానికి నా దగ్గర మందు లేదు. ప్రతి షిఫ్టులో డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ రిపోర్టులో పేషెంట్ల సంఖ్య, నర్సుల సంఖ్య రాయడం మాత్రం మానొద్దు. ఏదైనా జరిగిన రోజున వేళ్లన్నీ నర్సు వైపే తిరుగుతాయి.

నువ్వు అడగని మరో సంగతి, నీ అప్పు. జీతం పెంచమని మేనేజర్ని అడగడం కన్నా ఇది సులభం, ఎవరినీ బతిమాలక్కర్లేదు. రెండున్నర లక్షలకు రెండు రూపాయల వడ్డీ, నెలకు ఐదు వేలు. పద్నాలుగు నెలల్లో డెబ్బై వేలు కట్టావు, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇదే అప్పు రూపాయి వడ్డీకి మారితే, నెలకు 5,560 రూపాయల వాయిదాతో ఐదేళ్లలో అసలు, వడ్డీ మొత్తం తీరిపోతుంది. ఇప్పుడు కట్టేదానికన్నా 560 ఎక్కువ, అంతే. ఐదు వేలు ఎన్నేళ్లు కట్టినా తీరని అప్పుకూ, 5,560తో తీరే అప్పుకూ మధ్య ఉన్నది ఆ ఒక్క రూపాయి వడ్డీ. అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంటే బ్యాంకు లింకేజీ రుణం గురించి ఈ నెల మీటింగులోనే అడగమను. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. బంగారం పెట్టడం అంటే పరువు తక్కువ అని మీ నాయన అనుకోవచ్చు. వడ్డీ వ్యాపారి ఇంటి ముందు చెప్పులు విప్పి నిలబడడంలో ఉన్న పరువేమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కువైట్ మాట. కడప, రాయచోటి వైపు నుంచి మన దాకా కువైట్‌కు పోనివాళ్ల ఇల్లు తక్కువ, కాబట్టి మీ మేనమామ మీకు మంచి చేద్దామనే చెబుతున్నాడు. కానీ నర్సులకు నియమం వేరు. 2015 నుంచి కువైట్‌తో కలిపి పద్దెనిమిది దేశాలకు నర్సులను ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రానికి ఓంకాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. లైసెన్సున్న ఏజెంటు ఏ ఉద్యోగానికైనా 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. మూడు లక్షలు అడిగాడంటే అక్కడే అర్థం చేసుకో. ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఎందుకు వచ్చిందో తెలుసా? కేరళలో ఒక ఏజెన్సీ 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట ఒక్కో నర్సు దగ్గర పంతొమ్మిదిన్నర లక్షల దాకా వసూలు చేసిందని 2015లో సీబీఐ కేసు పెట్టింది. గల్ఫ్‌కైనా రెండేళ్ల అనుభవం, అక్కడ లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసే ప్రోమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ ఉంటాయి. నీ ఒరిజినల్స్ ఆస్పత్రి బీరువాలో ఉన్నంత కాలం నువ్వు రేణిగుంట కూడా దాటలేవు. పది నెలల తర్వాత కావాలంటే అప్పుడు చూడు, మామ ఏజెంటు ద్వారా మాత్రం వద్దు.

ఇప్పుడు చెల్లెలు. రమ్మను. ఈ పని మంచిది, దీని జీతమే చెడ్డది. కానీ ఆ సీటుకు మాత్రం వద్దు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, అటెండెన్స్ వాళ్లే చూసుకుంటారు అన్న మాట విన్న చోటే లేచి రావాల్సింది. నర్సింగ్ కాలేజీకి 100 పడకల సొంత ఆస్పత్రి ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. నీకు తెలుసు, పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ చూడడానికి నీళ్లలాగే ఉంటుంది. సెలైన్లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన దాన్ని, నైట్ డ్యూటీలో నిద్రమత్తులో, డిస్టిల్డ్ వాటర్ అనుకుని నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. నిమిషాలు కూడా పట్టదు. ఆ ఆంపుల్‌ను వేరే ట్రేలో పెట్టాలని, పేరు రెండుసార్లు చదవాలని, రెండో మనిషికి చూపించాలని పుస్తకం చెబుతుంది. చేతికి అలవాటు కావాలంటే మాత్రం వందల షిఫ్టుల్లో ఒక గట్టి సిస్టర్ వెనకాల నిలబడి తిడుతూ ఉండాలి. నన్ను అట్లా తిట్టిన సిస్టర్ మీద అప్పట్లో వెళ్లగక్కిన కోపమంతా తర్వాత దండంగా మారింది. కాలేజీకి పోకుండా డిగ్రీ తెచ్చుకున్న పిల్లకు ఆ తిట్లు దొరకవు. దాని ఫలితం ఆ పిల్ల ఒక్కతే అనుభవించదు.

చెల్లెలికి ముందు చూడాల్సినవి తక్కువ ఖర్చు సీట్లు. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ పెడుతుంది. మన తిరుపతిలోనే స్విమ్స్‌లో నర్సింగ్ కాలేజీ ఉంది, ఇంటి నుంచి పాకాల రైలెక్కి రావొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి లోపల ఉన్న కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. అది ఆలస్యమై కాలేజీవాళ్లు పిల్లలను పీడించడం మనం చూస్తూనే ఉన్నాం, కాబట్టి ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోవాలి. ఎయిమ్స్‌లకు బీఎస్సీ నర్సింగ్ ప్రవేశ పరీక్ష వేరే ఉంటుంది. నీట్ రాసి ఉంటే పుదుచ్చేరి జిప్మర్ చూడండి. ఇంకొకటి, సైనిక ఆస్పత్రుల నర్సింగ్ కాలేజీలు. అదీ నీట్ మార్కుల మీదే. ఫీజు ఉండదు, ఉండడం, తిండి వాళ్లవే, స్టైపెండు ఇస్తారు, చదువయ్యాక మిలటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్ హోదా. బాండు ఉంటుంది, కానీ ఆ బాండు వెనకాల ఆఫీసర్ జీతం ఉంటుంది. మన ఊళ్లలో ఆడపిల్లను మిలటరీకా అంటారు, అననీ.

ఈ ఏడాది నీట్ రాయకపోతే? రాయించు, ఒక ఏడాది పోతే పోయింది. నువ్వు అనుకుంటున్నంత నష్టం కాదది. తొమ్మిదిన్నర లక్షల అప్పుతో నాలుగేళ్లకే బయటికి రావడం కన్నా, అప్పు లేకుండా ఐదేళ్లకు రావడం నయం. నా సొంత మేనకోడలికి ఇదే చెప్పాను, ఏడాది నాతో మాట్లాడలేదు.

కన్వీనర్ సీటే వచ్చి, కొంత డబ్బు తక్కువైతే విద్యా రుణం అడగండి. నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. చదువు కాలం, ఆపైన ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలో పడుతుంది, ఇది గుర్తుంచుకోండి. మూడు లక్షలకు పదిన్నర శాతం వడ్డీ అనుకుని ఏడేళ్లకు వేస్తే నెలకు ఐదు వేల అరవై దాకా వస్తుంది. చదువుకునే కాలంలో వడ్డీ అప్పుడప్పుడే కట్టేస్తే ఈ లెక్క, లేకపోతే ఇంకా పెరుగుతుంది. నేను పెట్టుకున్న గీత ఇది: వాయిదా మొదటి ఉద్యోగపు జీతంలో మూడో వంతు దాటితే ఆ సీటు మనది కాదు. మన తిరుపతి జీతంతో వేసుకోవాలి ఆ లెక్క, ఏజెంటు చూపించే లండన్ జీతంతో కాదు. కాలేజీలో చేరినప్పుడు ఒరిజినల్స్ చూపించి తిరిగి తెచ్చుకోమను. చూసి వెనక్కి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఈ అలవాటు చెల్లెలికి మొదటి రోజు నుంచీ ఉండాలి.

కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు ఈ వారమే సచివాలయంలో పెట్టేయండి, కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరిగెత్తితే దొరకవు. ఏజెంటుకిచ్చిన పది వేలకు రసీదు అడగమను. ఇస్తే, డబ్బు వెనక్కి అడుగు. ఇవ్వకపోతే ఆ పది వేలు పోయాయనుకోండి. ఇచ్చిన పది వేలు పోతాయని మిగతా ఐదు లక్షల తొంభై వేలు కట్టేవాళ్లను నేను చూశాను, మీ నాయన అట్లా చేస్తాడేమోనని నా భయం.

ఆయనతో ఈ మాట నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన పొద్దున మాత్రం ఎత్తొద్దు. కోపంగా వస్తుంది మాట, నాకు తెలుసు. నిద్రపోయి లేచి, అన్నం తిని, పైన వేసిన వడ్డీ లెక్కను నీ చేత్తోనే ఒక కాగితం మీద ఆయన ముందర వేయి. కూడికలు ఆయన్నే చేయమను.